రక్తపోటు మాత్రతో వచ్చే పాదాల వాపు బోదకాలు కాదు

తాడేపల్లిగూడెం: అధిక రక్తపోటుకు ప్రభుత్వ ఆసుపత్రులలో విరివిగా ఇచ్చే ఆమ్లోడిపిన్ మాత్ర వలన కొందరికి పాదాలు, చీలమండలు వాస్తాయి. గోదావరి జిల్లాల ప్రజలకు బోదకాలు చిరపరిచితమైన వ్యాధి. అందువలన ఈ వాపును బోదకాలుగా భ్రమించి, రక్తపోటు మాత్రను మానివేసే ప్రమాదం ఉన్నది.

ఆమ్లోడిపిన్ సన్నని ధమనులను వ్యాకోచింపజేసి రక్తపోటును తగ్గిస్తుంది. సిరల వైపు ఆ మేరకు వ్యాకోచం జరగనందున కేశనాళికలలో పీడనం పెరిగి, ద్రవం చుట్టూ ఉన్న కణజాలంలోకి ఊరుతుంది. ఈ వాపు సాధారణంగా రెండు పాదాలకూ వస్తుంది, సాయంత్రానికి అధికమవుతుంది. 5 మిల్లీగ్రాముల కంటే 10 మిల్లీగ్రాముల మోతాదులో ఎక్కువగా కనిపిస్తుంది. తలనొప్పి, ముఖం ఎర్రబారుట, గుండెదడ, అరుదుగా చిగుళ్ల వాపు కూడా కలుగవచ్చు.

బోదవ్యాధి దోమకాటు ద్వారా సోకే సన్నని పురుగుల వలన వస్తుంది. ఆ వాపు తరచు ఒక కాలిలోనే హెచ్చుగా ఉంటుంది. గుండె, మూత్రపిండాలు, కాలేయ వ్యాధులలోనూ రెండు కాళ్లూ వాచే అవకాశం ఉన్నందున వైద్య పరీక్ష అవసరం.

మాత్ర వలన వచ్చిన వాపునకు, మూత్రం ఎక్కువగా పోయించే మందులు అంతగా పనిచేయవు. వైద్యులు మోతాదు తగ్గించుట, టెల్మిసార్టన్ వంటి మందును జతచేయుట లేదా మందు మార్చుట ద్వారా దీనిని సరిచేయగలరు.

సొంతంగా మాత్ర మానివేసిన యెడల రక్తపోటు తిరిగి పెరిగి పక్షవాతం, గుండెపోటుకు దారితీయవచ్చు. కావున కాళ్లవాపుతో వచ్చినవారిని క్షేత్రస్థాయి ఆరోగ్య సిబ్బంది ముందుగా ఏయే మాత్రలు వాడుతున్నారో అడిగి తెలుసుకొనవలెను. వాపుతో పాటు ఆయాసం, ఛాతీనొప్పి ఉన్నచో వెంటనే 108కు ఫోన్ చేయవలెను.