బిళ్ల కట్టిందా? భయం వద్దు.. ఆలస్యమూ వద్దు!

కాలి వేలికి ముల్లు గుచ్చుకుంటే రెండ్రోజులకు గజ్జల్లో బిళ్ల కడుతుంది. గొంతు నొప్పి వస్తే దవడ కింద ఉండలా చేతికి తగులుతుంది. చేతి మీద సెగగడ్డ లేస్తే చంకలో సలపరం మొదలవుతుంది. దెబ్బ ఒకచోట, వాపు మరోచోట! ఎందుకిలా? ‘పుండు మానితే బిళ్ల అదే కరిగిపోతుందిలే’ అని ఇంట్లో పెద్దవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. చాలాసార్లు అది నిజమే. కానీ అలా వదిలేసిన బిళ్ల అప్పుడప్పుడు క్షయకో, క్యాన్సర్‌కో తొలి ఆనవాలు కావొచ్చు. ఏ బిళ్ల దేనికో పోల్చుకోవాలంటే ముందు మన ఒంట్లో చడీచప్పుడు లేకుండా పనిచేసే లింఫ్ వ్యవస్థ గురించి తెలుసుకోవాలి.

మురుగు కాలువ లేని పొలం ఉంటుందా?

వరి పొలానికి పంట కాలువ ఎంత అవసరమో, మిగులు నీటిని తీసుకుపోయే మురుగు కాలువా అంతే అవసరం. అది పూడుకుపోతే చేను మునుగుతుంది. మన శరీరమూ అంతే. గుండె పంపించే రక్తం వెంట్రుక కన్నా సన్నటి కేశనాళికల్లోకి చేరాక, అందులోంచి కొంత నీరు బయటకు ఊరుతుంది. కణాలకు ఆక్సిజన్‌ను, పోషకాలను అందించేది ఇదే. అయితే ఇలా ఊరిన ద్రవంలో రోజుకు కొన్ని లీటర్లు కణాల మధ్యే మిగిలిపోతాయి. దీన్ని పోగుచేసి, తిరిగి రక్తంలో కలిపేవే లింఫ్ నాళాలు. వాటిలో పారే ద్రవమే లింఫ్. పాఠ్యపుస్తకాల్లో మనం శోషరసం అని చదువుకున్నది దీన్నే.

రెండు కాళ్లు, పొట్ట, శరీరం ఎడమ వైపు నుంచి వచ్చే లింఫ్ అంతా ఒక పెద్ద నాళంలోకి చేరి, మెడ కింద ఎడమ వైపున ఉండే పెద్ద సిరలో కలుస్తుంది. కుడి చేయి, తల, ఛాతీలో కుడి భాగం నుంచి వచ్చేది కుడి వైపున కలుస్తుంది. పేగుల్లోని లింఫ్ నాళాలకు మరో పనీ ఉంది. ముద్దపప్పులో కలుపుకొన్న నెయ్యి అరిగాక అందులోని కొవ్వులో అధికభాగం ఈ దారి గుండానే రక్తంలోకి చేరుతుంది.

ఈ వ్యవస్థకు గుండెలాంటి పంపు లేదు. నాళాల గోడలు తమంతట తాము ముడుచుకోవటం, కండరాలు కదిలినప్పుడు పడే ఒత్తిడి, శ్వాసతో ఛాతీలో వచ్చే మార్పులే లింఫ్‌ను పైకి నెడతాయి. వెనక్కి జారకుండా లోపల కవాటాలు అడ్డుకుంటాయి. రాత్రంతా బస్సులో కాళ్లు వేలాడేసుకొని కూర్చుంటే తెల్లారేసరికి చెప్పులు బిగుతుగా అనిపించటానికి ఒక కారణం.. పిక్కల కండరాలు కదలకపోవటమే.

ఒంట్లో 600 చెక్‌పోస్టులు

లింఫ్ నేరుగా రక్తంలో కలిసిపోతే దాంతో పాటు సూక్ష్మక్రిములూ కలిసిపోతాయి. అందుకే దారి పొడవునా తనిఖీ కేంద్రాలున్నాయి. అవే లింఫ్ గ్రంథులు. చిక్కుడు గింజ ఆకారంలో ఉండే ఇవి ఒంట్లో సుమారు 600 వరకు ఉంటాయి. మెడ, చంకలు, గజ్జలు, ఛాతీ, పొట్టలో గుంపులు గుంపులుగా కనిపిస్తాయి.

ముల్లు గుచ్చుకున్నచోట ఏం జరుగుతుందో చూద్దాం. చర్మం చిరగగానే అక్కడి రోగనిరోధక కణాలు క్రిములను మింగటం మొదలెడతాయి. ఎర్రదనం, వేడి, నొప్పి దీని ఫలితమే. ఇంతలో డెండ్రిటిక్ కణాలు అనే వేగులు క్రిమి తాలూకు ముక్కలను పట్టుకొని, లింఫ్ నాళాల ద్వారా దగ్గర్లోని గ్రంథికి చేరుకుంటాయి. కాలి నుంచి వచ్చే దారి గజ్జల మీదుగా పోతుంది కాబట్టి ఆ వార్త అక్కడికే చేరుతుంది. గ్రంథిలో కాచుకొని ఉన్న లక్షలాది టి, బి కణాల్లో ఆ క్రిమిని గుర్తుపట్టగలిగేవి ఏ కొన్నో ఉంటాయి. అవి ఒకటి రెండై, రెండు నాలుగై సంఖ్యను పెంచుకుంటాయి. రక్తంలోంచి మరిన్ని కణాలు వచ్చి చేరతాయి. దీంతో గ్రంథి ఉబ్బుతుంది. మన చేతికి తగిలే ‘బిళ్ల’ ఇదే. అంటే అది జబ్బు కాదు, జబ్బుతో పోరాటం.

బి కణాల్లో కొన్ని యాంటీబాడీలను తయారుచేస్తాయి. టి కణాల్లో కొన్ని వైరస్ సోకిన కణాలను చంపేస్తాయి. కొత్త క్రిమి అయితే ఈ సైన్యం పూర్తిగా సిద్ధం కావటానికి వారం, రెండు వారాలు పడుతుంది. పోరు ముగిశాక ఎక్కువ కణాలు చనిపోతాయి, గ్రంథి మామూలు స్థితికి వస్తుంది. కొన్ని మాత్రం జ్ఞాపక కణాలుగా మిగులుతాయి. తట్టు ఒకసారి వచ్చినవారికి సాధారణంగా మళ్లీ రాదనేది ఇందుకే. టీకాలు పనిచేసే సూత్రమూ ఇదే. కొవిడ్ టీకా వేయించుకున్న కొందరికి ఆ వైపు చంకలో బిళ్ల కట్టిందంటే గ్రంథి తన పని తాను చేసిందనే అర్థం.

బోదకాలు చెప్పే పాఠం

ఈ కాలువలు పాడైతే ఏమవుతుందో మన కోస్తా జిల్లాల్లోని పాత తరానికి బాగా తెలుసు. మురుగు నీటిలో పెరిగే క్యూలెక్స్ దోమలు కుట్టినప్పుడు ఒంట్లోకి చేరే ఫైలేరియా పురుగులు లింఫ్ నాళాల్లోనే కాపురం పెడతాయి. ఏళ్ల తరబడి బతుకుతాయి. నాళాలు ఉబ్బి, కవాటాలు దెబ్బతిని, ద్రవం నిలిచిపోతుంది. గజ్జల్లో బిళ్ల కట్టి, చలిజ్వరం రావటం.. తగ్గటం.. మళ్లీ రావటం. ఇలా కొన్నేళ్లు గడిచాక బోదకాలు స్థిరపడుతుంది. మగవారిలో వరిబీజానికీ దారితీయొచ్చు.

దీని చికిత్సలో వాడే డీఈసీ మందు వెనక మన తెలుగువాడే ఉన్నారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో, అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో 1940ల్లో ఇది రూపుదిద్దుకుంది. ఈ మందు రక్తంలోని పిల్ల పురుగులను మన రోగనిరోధక కణాలకు తేలిగ్గా చిక్కేలా చేస్తుంది. అందుకే ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మాత్రలిచ్చినప్పుడు ‘మాకేం లేదు కదా’ అని పక్కన పడేయొద్దు. పురుగులున్నా చాలామందిలో లక్షణాలేవీ కనిపించవు. కానీ దోమల ద్వారా వారి నుంచి ఇతరులకు సోకుతుంది. మాత్రలు వేసుకున్నాక కొద్దిపాటి జ్వరం, తలనొప్పి వస్తే పురుగులు చనిపోతున్నాయనటానికి సూచన కావొచ్చు. గర్భిణులు, రెండేళ్ల లోపు పిల్లలు, తీవ్ర జబ్బులతో బాధపడేవారు మాత్రం వీటిని వేసుకోకూడదు.

రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్సలో చంకలోని గ్రంథులను తీసేస్తే, ఆ చేతికీ ఇలాంటి వాపే రావొచ్చు. గాజులు, జాకెట్ చేయి ఒకవైపే బిగుతుగా అనిపించటం, చేయి బరువెక్కటం తొలి సంకేతాలు. నెలలు, ఏళ్ల తర్వాత కూడా ఇది మొదలవ్వచ్చు. తొలిదశలోనే చెబితే వ్యాయామాలు, ప్రత్యేక కట్లు, బిగుతు తొడుగులతో అదుపులో ఉంచుకోవచ్చు.

ఎప్పుడు అనుమానించాలి?

దగ్గర్లో పుండో, గొంతు నొప్పో, పిప్పి పన్నో ఉండి.. నొక్కితే నొప్పి పుడుతూ, వేలికి అటూ ఇటూ కదిలే బిళ్ల సాధారణంగా ఇన్‌ఫెక్షన్ తాలూకుదే. పిల్లల మెడలో చిన్న చిన్న బిళ్లలు తగలటం మామూలే. మెడ వెనక కనిపిస్తే తలలో పేలు, కురుపులు ఉన్నాయేమో చూడాలి. కింది వాటిలో ఏ ఒక్కటున్నా డాక్టర్‌కు చూపించుకోవాలి.

• రెండు మూడు వారాలైనా తగ్గకపోవటం, క్రమంగా పెద్దదవటం
• నొప్పి లేకుండా రాయిలా గట్టిగా, కదలకుండా ఉండటం
• మెడ ఎముక పైన గుంటలో బిళ్ల కట్టటం. ఇది ఎంత చిన్నదైనా సరే
• విడవని జ్వరం, రాత్రిపూట దుప్పటి తడిసేంత చెమట, కారణం లేకుండా బరువు తగ్గటం
• ఒకేసారి మెడ, చంక, గజ్జల్లో బిళ్లలు రావటం

మన దేశంలో మెడలో పెద్దగా నొప్పి లేని బిళ్లలు ఒకదానికొకటి అతుక్కొని పెరుగుతుంటే క్షయను మొదట అనుమానించాలి. పూర్వం గండమాల అన్నది దీన్నే. దగ్గు, కళ్లె లేకుండానే ఇది రావొచ్చు. సన్నటి సూదితో బిళ్లలోంచి కణాలను తీసి పరీక్షిస్తే చాలావరకు విషయం తెలిసిపోతుంది. ‘సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుంది’ అనే భయంతో పరీక్షను వాయిదా వేయొద్దు. క్షయ అయితే సాధారణంగా 6 నెలల మందులతో నయమవుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ మందులు ఉచితం.

ఇవి గుర్తుంచుకోండి

బిళ్లను పదేపదే నొక్కి చూడొద్దు. వాతలు, పసర్లు వద్దు. మందుల దుకాణంలో అడిగి యాంటీబయాటిక్, స్టిరాయిడ్ మాత్రలు వేసుకోవద్దు. స్టిరాయిడ్‌తో కొన్ని రకాల లింఫ్ క్యాన్సర్లు తాత్కాలికంగా కుంచించుకుపోయి, అసలు జబ్బు బయటపడటం ఆలస్యమవుతుంది. కాలు వాచేవారు రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడుచుకోవాలి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోవాలి. చెప్పుల్లేకుండా తిరగొద్దు. చర్మం మీద ప్రతి పగులూ క్రిములకు తలుపు తెరిచినట్టే.

‘ఇమ్యూనిటీ పెంచే’ పొడులు, కషాయాల కోసం వందలు, వేలు తగలేయనక్కర్లేదు. రోగనిరోధక శక్తికి కావాల్సింది బలం ఒక్కటే కాదు, అదుపు కూడా. అదుపు తప్పితే సొంత కీళ్లనే, థైరాయిడ్‌నే శత్రువులనుకొని దాడిచేస్తుంది. కంటి నిండా నిద్ర, రోజూ నడక, పప్పు, కూరగాయలు, గుడ్లతో కూడిన భోజనం, వేళకు టీకాలు.. దానికి ఇవి చాలు. స్నానం చేసేటప్పుడు మెడ, చంకలు, గజ్జలను ఎప్పుడైనా ఒకసారి తడిమి చూసుకోండి. కొత్తగా ఏదైనా తగిలితే క్యాలెండర్లో ఆ తేదీ రాసిపెట్టుకోండి. డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న ‘ఎన్నాళ్ల నుంచి?’ అనే కదా!