పార్లమెంటులో మగ్గము మాట: ఆచార్య రంగాగారి ప్రస్థానము

పెరియకుళంలోను, మధుర, కోయంబత్తూరు ప్రాంతాలలోని పాత తెలుగు ఊళ్లలోను మగ్గము నమ్ముకొని బ్రతుకుతున్న సోదరులు తరచుగా ఒక ప్రశ్న వేస్తూంటారు: “ఢిల్లీలో కూర్చున్న మెంబరు వల్ల మన పడుగుకు ఒరిగేదేమిటి?” ప్రశ్న న్యాయమైనదే. ఒక్క నాయకుని పార్లమెంటు జీవితాన్ని ముందు పెట్టుకొని చూస్తే దీనికి జవాబు తేటపడుతుంది. అందుకు ఆచార్య ఎన్. జి. రంగాగారిని ఎన్నుకొన్నాము.

రంగాగారు 1900 నవంబరు 7న గుంటూరు జిల్లా నిడుబ్రోలులో జన్మించినారు. ఆక్స్‌ఫర్డులో చదివి, మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో అర్థశాస్త్రము బోధించినారు. లోకము ఆయనను రైతు నాయకుడని ఎరుగును. అయితే 1930లో దక్షిణ దేశపు చేనేతవారి స్థితిగతులను గురించి ఇంగ్లీషులో ఒక గ్రంథము ప్రకటించినవారు కూడ ఆయనే. శాసనసభలో మాట్లాడేవానికి ఆవేశమొక్కటే చాలదు, లెక్కలు చేతిలో ఉండవలె. రంగాగారికి ఆ సరంజామా మొదటినుంచి ఉన్నది.

1930 దశకములో కేంద్ర శాసనసభలో ప్రవేశించినది మొదలు, 1991 వరకు, నడుమ కొన్ని విరామాలతో ఆయన చట్టసభలలో ఉన్నారు. రాజ్యాంగ పరిషత్తులో సభ్యులు. తరువాత రాజ్యసభ. 1957లో తెనాలి నుంచి, 1962లో చిత్తూరు ఉప ఎన్నికలో, 1967లో శ్రీకాకుళం నుంచి లోకసభకు ఎన్నికైనారు. 1977లో మరల రాజ్యసభ. 1980, 1984, 1989 ఎన్నికలలో గుంటూరు. పార్టీలు కూడ మారినవి: కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, మరల కాంగ్రెసు, 1959లో స్వతంత్ర పార్టీ, కడపట తిరిగి కాంగ్రెసు. 1991లో పద్మవిభూషణ్ బిరుదు పొందినారు. 1995 జూన్ 9న కాలధర్మము చెందినారు.

స్వతంత్ర పార్టీ పేరు మనవారికి కొత్త కాదు. 1967లో పెరియకుళం లోకసభ స్థానము గెలిచినది ఆ పార్టీయే. అప్పుడు లోకసభలో ఆ పార్టీకి నాయకులు రంగాగారు. నలభైకి పైగా సభ్యులతో అది ప్రతిపక్షములో పెద్ద పార్టీగా నిలిచినది.

ఇక మగ్గము సంగతికి వద్దాము. మన వృత్తికి ప్రాణాధారమైనవి మూడు: నూలు, అమ్మకము, మిల్లు పోటీనుంచి రక్షణ. ఈ మూడింటి పగ్గాలును చాలవరకు ఢిల్లీలోనే ఉన్నవి. 1953లో పార్లమెంటు మిల్లుబట్టపై అదనపు ఎక్సైజు పన్ను విధించినది. గజానికి మూడు దమ్మిడీలు. రూపాయికి 192 దమ్మిడీలు చెల్లే రోజులవి. కనుక కొనేవానికి ఆ పన్ను పెద్ద బరువు కాదు. కాని దేశములోని మిల్లు గజాలన్నింటిమీద పోగైన ఆ సొమ్ము ఖద్దరు, చేనేతల అభివృద్ధికి కేటాయించబడినది. మిల్లు నేసిన గజము మగ్గానికి దమ్మిడీలు చెల్లించవలెనన్నదే ఆ చట్టములోని న్యాయము.

1985లో మరియొక చట్టము వచ్చినది. కొన్ని రకాల బట్టలను చేనేతకే ప్రత్యేకించు చట్టమది. రంగాగారు అప్పుడు గుంటూరు సభ్యులు. దాని క్రింద 1986లో 22 రకాలు ప్రకటింపబడినవి. మరమగ్గాలవారు కోర్టుకెక్కగా, 1993లో సుప్రీంకోర్టు చట్టము చెల్లునని తీర్పు చెప్పినది. అయినను 1996లో ఆ 22 రకాలు 11కు తగ్గిపోయినవి. ఇది మనము జ్ఞాపకముంచుకోవలసిన విషయము. చట్టము రద్దు కాలేదు, పట్టిక మాత్రము సగమైనది. పట్టిక మార్చడానికి కొత్త చట్టము అక్కరలేదు, ప్రభుత్వపు ఉత్తరువు చాలును.

నూలు సంగతియు ఇట్టిదే. మిల్లులు తమ నూలులో కొంత భాగము మగ్గానికి పనికివచ్చే చిలపల రూపములో ఇచ్చితీరవలెనన్న నియమము ఒకప్పుడు సగము పాలుగా ఉండెను. 2003లో అది నూటికి 40కి, 2019లో 30కి దిగినది. ఉత్తరువులతో జరిగే ఇట్టి మార్పులను నిలదీయడానికి సభ్యునికి ప్రశ్నోత్తరాల గంట ఉన్నది, చర్చ ఉన్నది. అడిగేవాడు లేకపోతే ఉత్తరువు చప్పుడు లేకుండ వచ్చి, చప్పుడు లేకుండ మన మగ్గము గుంతలోకి దిగుతుంది.

రంగాగారి జీవితములో ఒక చిక్కును దాచి ప్రయోజనము లేదు. స్వతంత్ర పార్టీ ప్రభుత్వపు కట్టుబాట్లను, లైసెన్సులను వ్యతిరేకించినది. చేనేతకు రక్షణయో, మిల్లుకు కట్టుబాటు వేయడమువల్లనే వచ్చినది. అయితే ఆయన గట్టిగా ఎదిరించినది సహకార వ్యవసాయాన్ని, అనగా రైతు తన భూమిని ఉమ్మడిలో కలిపివేయడాన్ని. మన సొసైటీలో మగ్గము నేతగానిదిగానే ఉంటుంది. నూలు కొనుగోలు, బట్ట అమ్మకము మాత్రమే ఉమ్మడి. ఈ భేదము తెలిసినవారికి ఆ రెండు మాటలకు పొత్తు కుదురుతుంది. కాని మిల్లు కట్టుబాట్ల విషయములో చిక్కు చిక్కుగానే మిగులుతుందని ఒప్పుకొనవలె.

రైతు నాయకుని నోట మగ్గము మాట ఎంత వచ్చినా, నేతగాని బాధ నేతగాడే చెప్పవలెననువారున్నారు. అందుకు తార్కాణము ప్రగడ కోటయ్యగారు. ఆయనదీ నిడుబ్రోలే. రంగాగారి శిష్యులు. చీరాల నుంచి శాసనసభకు ఒకటికన్న ఎక్కువసార్లు ఎన్నికై, 1990లో రాజ్యసభలో అడుగుపెట్టినారు. 1995లోనే గతించినారు. వెంకటగిరిలోని చేనేత సాంకేతిక విద్యాలయము నేడు ఆయన పేరనే ఉన్నది.

ఇందు మనకు ముఖ్యమైన పాఠమొకటి ఉన్నది. 2019–20 చేనేత గణన ప్రకారము దేశములో చేనేత పనివారు సుమారు 35 లక్షలు. ఇంత సంఖ్య ఉన్నా, ఊరూరా చెదరి ఉన్నందున ఏ ఒక్క స్థానములోను గెలుపోటములు తేల్చే బలము మనకు అరుదు. మన పెరియకుళం స్థానమే నియోజకవర్గాల పునర్విభజనలో పోయి, 2009 ఎన్నికలనుంచి తేని అయినది. గీతలు మారుతవి, సభ్యులు మారుతారు. గుంటూరు ఓటుతో గెలిచినవాడు చేసిన చట్టము పెరియకుళం మగ్గానికీ వర్తిస్తుంది. తేని సభ్యుడు అడుగని ప్రశ్న చీరాల నేతగానికీ నష్టమే.

కనుక మా మనవి ఇది. అభ్యర్థి ఏ పార్టీవాడైనను, ఏ భాషవాడైనను, మూడు ప్రశ్నలు వ్రాసి చేతికివ్వండి. చిలపనూలు పాలు ఇంకను తగ్గకుండ చూస్తారా? మిగిలిన 11 రకాలను కాపాడుతారా? మరమగ్గపు బట్టను చేనేత అని అమ్మేవారిని సభలో నిలదీస్తారా? జవాబును సంఘము పుస్తకములో తేదీతోసహా వ్రాసి ఉంచుకొనండి. ఐదేండ్ల తరువాత ఆయన మరల వచ్చినప్పుడు ఆ పుట తెరిచి చూపించవచ్చును.