దాతలు చదవదగిన ఒక కథల పుస్తకం

2025 మే నెలలో లండన్‌లో అంతర్జాతీయ బుకర్ బహుమతి ప్రకటించినప్పుడు పత్రికలన్నీ బాను ముష్తాక్ పేరు రాశాయి. కర్ణాటకలోని హాసన్‌కు చెందిన ఈ న్యాయవాది కన్నడంలో రాసిన కథల్లోంచి 12 ఎంచి దీపా భాస్తి ఇంగ్లీషులోకి తెచ్చారు. ఆ సంకలనం పేరు ‘హార్ట్ ల్యాంప్’. ఒక కథల సంపుటికి ఈ బహుమతి రావడం అదే మొదటిసారి, కన్నడానికీ అదే మొదలు. 50,000 పౌండ్ల బహుమతిని రచయిత్రి, అనువాదకురాలు చెరిసగం పంచుకున్నారు. మనవాళ్ళలో చాలామంది సంతోషపడ్డాం, అభినందనలు పంపుకున్నాం. పుస్తకం తెరిచినవాళ్ళు మాత్రం తక్కువే అనిపిస్తుంది.

మన సంచికలో ఈ పుస్తకం గురించి చెప్పడానికి కారణం బహుమతి కాదు. జకాత్, సదఖా ఇచ్చే ఇళ్ళు, అడగడానికి వచ్చే ఇళ్ళు, రెండూ ఈ కథల్లో ఎదురుపడతాయి. ఇచ్చినవాళ్ళం మనకు కనబడని వైపు నుంచి మనల్ని చూడాలంటే ఇందులో మూడు కథలు తప్పక చదవాలి.

మొదటిది ‘కఫన్’ కథ. షాజియా కలిగిన ఇల్లాలు. హజ్‌కు బయలుదేరుతుంటే యాసీన్ బువా అనే పేద ముసలామె వచ్చి, కూడబెట్టుకున్న డబ్బు చేతిలో పెట్టి, జమ్‌జమ్ నీళ్ళలో తడిపిన కఫన్ తెచ్చిపెట్టమంటుంది. అంతకు మించి ఏమీ అడగదు. షాజియా సరేనంటుంది, అక్కడికి వెళ్ళాక మరిచిపోతుంది. తిరిగొచ్చాక బదులుగా వేరే వస్తువులు ఇవ్వబోతే బువా పుచ్చుకోదు. కొన్నాళ్ళకు బువా చనిపోతుంది, కొడుకు కఫన్ కోసం షాజియా ఇంటికే వస్తాడు. ఆ తర్వాత షాజియా పడే అవస్థే కథంతా. ఆమె చెడ్డది కాదు, పిసినారి కూడా కాదు. మరిచిపోయింది, అంతే. పేదవాళ్ళ పని కాబట్టే మరుపు అంత తేలికగా వచ్చిందన్న సంగతి ఆమెకు ఆలస్యంగా తెలుస్తుంది. ‘వచ్చే నెల చూద్దాం’ అని మనం పక్కన పెట్టిన దరఖాస్తులు ఈ కథ చదువుతుంటే నాకు గుర్తొచ్చాయి.

రెండోది ‘ఎర్ర లుంగీ’. నవ్వుతూ చదివించే కథ. వేసవి సెలవుల్లో ఇంటినిండా పిల్లల అల్లరి పడలేక రజియా మగపిల్లలకు సున్తీలు చేయించాలనుకుంటుంది. పనిలో పనిగా పేద పిల్లలకూ ఉచితంగా ఏర్పాటు చేస్తారు. ఇంటి పిల్లలకు డాక్టరు, పేద పిల్లలకు హజామ్. వాళ్ళకు గోధుమలు, కొబ్బరి వగైరా కూడా ఇస్తారు. చివరికి పేద పిల్లవాడు త్వరగా కోలుకుని తిరుగుతుంటాడు, రజియా కొడుక్కి పుండు చీము పడుతుంది. ‘చూశారా, పేదవాణ్ణి అల్లాయే చూసుకుంటాడు’ అనుకుని పుస్తకం మూసేస్తే కథ సగమే అందినట్టు. ఒకే సున్నత్‌కు రెండు ఏర్పాట్లు ఎందుకన్నది ఇంకా అలాగే ఉంటుంది. సామూహిక సున్తీ శిబిరాలకు చందా ఇచ్చేవాళ్ళు అక్కడికి డాక్టరు వస్తున్నాడా అని ఒక్క మాట అడగాలి.

మూడోది ‘నల్ల తాచులు’. ఇది చదవడం కష్టం. ఆడపిల్లలనే కన్నదని భర్త వదిలేసిన ఆశ్రఫ్ న్యాయం చేయమని ముతవల్లీ చుట్టూ తిరుగుతుంది. జబ్బుపడిన బిడ్డను ఒడిలో పెట్టుకుని మసీదులో కూర్చుంటుంది. ఆయన వాయిదా వేస్తూ పోతాడు, బిడ్డ దక్కదు. ఈ కథ మీద మనలో కొందరికి అభ్యంతరం ఉంది, ఇంటి గుట్టు బయట పెట్టిందని. మసీదులో ఆడవాళ్ళ నమాజు హక్కు గురించి మాట్లాడినందుకు బాను ముష్తాక్ గతంలో సాంఘిక బహిష్కారం కూడా ఎదుర్కొన్నారు. కానీ కథను శ్రద్ధగా చూడండి. చదువుకున్న ఒక స్త్రీ ఆశ్రఫ్‌కు చెప్పేది షరీఅత్ ఆమెకిచ్చిన హక్కుల గురించే. తప్పు పట్టింది దీన్‌ను కాదు, దాని పేర కుర్చీలో కూర్చుని కదలని మనిషిని. చెప్పిపొడవడం వల్ల, మనసు నొప్పించడం వల్ల దానం వ్యర్థమవుతుందని బఖరా సూరా 264వ ఆయత్ మనల్ని హెచ్చరిస్తుంది. తిప్పించుకోవడం కూడా నొప్పించడమేనని ఈ కథ చదివాక నాకు అనిపించింది.

మిగతా కథలన్నీ ఒకే ఎత్తున లేవు. కొన్నింట్లో రచయిత్రి కోపం పాత్రల కంటే ముందు మాట్లాడుతుంది. ఒకే బిగిన చదివితే భారంగా ఉంటుంది కాబట్టి రోజుకొక కథ చాలు.

దీపా భాస్తి ఉర్దూ, అరబ్బీ, కన్నడ మాటల్ని చాలావరకు అలాగే ఉంచారు, అధోజ్ఞాపికలు పెట్టలేదు. లండన్ పాఠకుడు తడబడే ముతవల్లీ, కఫన్ వంటి చోట్ల మనకు నిఘంటువు అక్కర్లేదు. తెలుగులోనే మొదలుపెట్టాలనుకుంటే స్కైబాబ సంపాదకత్వంలో వచ్చిన ‘వతన్’, మహమ్మద్ ఖదీర్ బాబు ‘దర్గామిట్ట కతలు’, వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ ఉన్నాయి. ఇంగ్లీషు చదివే పిల్లలున్న ఇంట్లో ‘కఫన్’ కథ వాళ్ళచేత పైకి చదివించి, అర్థం చెప్పించుకోవచ్చు. నానీ, దాదీలు దగ్గరుంటే ఇంకా మంచిది, యాసీన్ బువాలాంటి వాళ్ళు వాళ్ళకు పేర్లతో సహా గుర్తుంటారు.