మెడిసిన్ మధ్యలో బీఎస్సీ: అపోహలు – వాస్తవాలు

బ్రిటన్‌లో మెడిసిన్ చదివే పిల్లలు నడుమ ఒక ఏడాది పక్కకు వెళ్లి, వేరే సబ్జెక్టులో బీఎస్సీ లాంటి డిగ్రీ పూర్తిచేసి మళ్లీ వార్డులకు రావచ్చు. దీన్ని ఇంటర్‌కలేటెడ్ డిగ్రీ అంటారు. మన ఎంబీబీఎస్‌లో ఇలాంటిది లేదు కాబట్టి, అక్కడ మనవడో మనవరాలో చదువుతున్న ఇళ్లలో దీని మీద అనుమానాలు ఎక్కువే.

అపోహ: పిల్లవాడు పరీక్ష తప్పాడు, అందుకే ఏడాది ఎక్కువ పట్టింది.

వాస్తవం: ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, ఇంపీరియల్, యూసీఎల్‌లలో స్కూలు చదువు కాగానే చేరినవాళ్లకు ఇది తప్పనిసరి. అక్కడ కోర్సే ఆరేళ్లు.

అపోహ: ఈ డిగ్రీ ఉంటే కోరుకున్న ఊళ్లో పోస్టింగ్ ఖాయం.

వాస్తవం: మెడిసిన్ పాసవగానే డాక్టర్లు చేరే ఫౌండేషన్ ప్రోగ్రామ్‌లో అదనపు డిగ్రీకి ఒకప్పుడు పాయింట్లుండేవి. 2023 నుంచి తీసేశారు. 2024 నుంచైతే కంప్యూటర్ లాటరీ తీసినట్టు ర్యాంకులిస్తోంది. కొన్ని స్పెషాలిటీల ఎంపికలో ఇంకా కాస్త విలువ ఉన్నా, ఆ నిబంధనలు మారుతూనే ఉంటాయి. పాయింట్ల కోసమే ఏడాది ధారపోయడం నా దృష్టిలో నష్టబేరం.

అపోహ: విద్యార్థి చేసే పరిశోధన ఉత్తుత్తిదే.

వాస్తవం: హెపారిన్ జాడ 1916లో బయటపడింది జాన్స్ హాప్‌కిన్స్‌లోని జే మెక్లీన్ అనే మెడికల్ విద్యార్థి ప్రయోగాల్లోనే. ఆయన వెతికింది రక్తాన్ని గడ్డకట్టించే పదార్థం కోసం. కాలేయం నుంచి తీసిన సారం మాత్రం గడ్డకట్టకుండా ఆపింది!

అంత అదృష్టం అందరికీ పట్టదు. మామూలుగా అబ్బేది పరిశోధన పేపర్ చదివే నేర్పు: మందు పనిచేసిందన్న వాక్యం దగ్గర ఆగకుండా, ఎంతమంది రోగులు మధ్యలో తప్పుకున్నారో పట్టికలో వెతకడం. అది రావాలంటే టాపిక్ కన్నా గైడ్ ముఖ్యం. ఆయన దగ్గర నిరుడు చేసిన సీనియర్‌ను పట్టుకుని, రాసింది ఎన్నాళ్లకు దిద్ది ఇస్తారో కనుక్కోవాలి. రోగుల వివరాలతో పనైతే ఎథిక్స్ కమిటీ అనుమతి చేతిలో ఉందో లేదో చూడాలి. లేకపోతే నెలల తరబడి ఆ కాగితం కోసం పడిగాపులే. జర్నల్‌కు పేపర్ పంపాలనుకుంటే సెలవుల్లోనే పంపేయాలి, వార్డులు మొదలయ్యాక ఎవరికీ తీరదు.

అపోహ: ల్యాబ్‌లో ఎలుకలతోనే కాలక్షేపం.

వాస్తవం: డండీలో ఫోరెన్సిక్ మెడిసిన్, బ్రిస్టల్‌లో మెడికల్ హ్యుమానిటీస్ చేసేవాళ్లున్నారు. వేరే యూనివర్సిటీకి వెళ్లి చదివే వీలూ చాలాచోట్ల ఉంది.

అపోహ: ఇంకో ఏడాది ఫీజు నెత్తిన పడుతుంది.

వాస్తవం: ఇంగ్లండ్‌లో స్థిరపడిన కుటుంబాల పిల్లలకు సాధారణంగా ఐదో ఏటి నుంచి ట్యూషన్ ఫీజు అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్ఎస్ కడుతుంది. కోర్సు ఐదేళ్లయినా ఆరేళ్లయినా విద్యార్థి మీద పడేది నాలుగేళ్ల ఫీజే. అద్దె, తిండి ఖర్చు మాత్రం తప్పదు, జీతం ఏడాది ఆలస్యమవుతుంది. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వెళ్లినవాళ్లకు ఈ వెసులుబాటు లేదు. పూర్తి ఫీజు కట్టాలి, వీసా గడువూ చూసుకోవాలి.

అపోహ: ఇక్కడి ఎంబీబీఎస్ విద్యార్థికి పరిశోధన రుచి చూసే దారే లేదు.

వాస్తవం: భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇచ్చే షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ ఉంది. రెండు నెలల పని, స్టైపెండ్ కూడా ఇస్తారు. కాలేజీలో ఒక గైడ్‌ను ఒప్పించుకుని దరఖాస్తు చేయాలి.