కేజ్ వీల్స్

కేజ్ వీల్స్ అనగా వరి మడిలోని బురదలో ట్రాక్టరు దిగబడకుండా నడుచుటకు దాని వెనుక టైర్లకు బదులుగా గానీ, వాటి ప్రక్కన గానీ బిగించే పంజరం వంటి ఇనుప చక్రాలు. గ్రామాలలో వీటిని "కేజీ వీల్సు" అనీ, "ఇనుప చక్రాలు" అనీ, కోస్తా జిల్లాలలో "దమ్ము చక్రాలు" అనీ అంటారు. గట్టి నేల కొరకు తయారైన వాహనాన్ని చక్రాలు మార్చి మెత్తని నేలపై నడిపే పద్ధతికి తెలుగు ప్రాంతాలలో బాగా పరిచయమైన ఉదాహరణ ఇది. మంచు దేశాలలో మోటారు సైకిలు చక్రాలు తీసి పట్టాలు బిగించే పద్ధతి కూడా ఇటువంటిదే. మడిలో రైతుకు ఎంతో ఉపయోగపడే ఈ చక్రము తారు రోడ్డు ఎక్కినప్పుడు ఆ రోడ్డును పాడుచేస్తుంది. నడపడం తెలియనివారి చేతిలో ప్రాణాపాయము కూడా కలిగిస్తుంది.

ప్రాంతీయ నేపథ్యము

వనపర్తి జిల్లాలోని ఆత్మకూర్ పూర్వము అమరచింత సంస్థానమునకు కేంద్రము. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు ఇది మహబూబ్ నగర్ జిల్లాలో ఉండేది. దక్షిణ తెలంగాణలోని ఈ మెట్ట ప్రాంతములో ఎర్ర చెలక నేలలు ఎక్కువ, అక్కడక్కడ నల్లరేగడి కలదు. ఒకప్పుడు చెరువుల క్రింద, బావుల క్రింద మాత్రమే వరి పండేది. మిగిలిన భూములలో జొన్న, ఆముదము, వేరుశనగ, కంది వంటి మెట్ట పంటలు వేసేవారు. కృష్ణా నదిపై నిర్మించిన ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టు 1995లో ప్రారంభమైన తరువాత ఎడమ కాలువ నీరు ఆత్మకూర్ పరిసరాలకు చేరింది. కాలువ క్రింద వరి విస్తీర్ణము పెరిగింది.

కాలువకు నీరు వదలగానే ఆయకట్టులోని రైతులందరికీ ఒకేసారి పొలము సిద్ధము చేయవలసిన అవసరము ఏర్పడుతుంది. నారు ముదరక ముందే నాటు పడాలి. ఎద్దులతో, నాగలితో, గొర్రుతో రోజుల తరబడి సాగే పని ట్రాక్టరుతో కొన్ని గంటలలో ముగుస్తుంది. కాబట్టి ఎద్దుల జతలు తగ్గి ట్రాక్టర్లు పెరిగిన కొద్దీ కేజ్ వీల్స్ వాడకము కూడా పెరిగింది.

నిర్మాణము, రకాలు

కేజ్ వీల్‌లో రెండు లేదా మూడు ఇనుప వలయాలు ఉంటాయి. వాటిని కలుపుతూ చుట్టూ ఎల్ ఆకారపు ఇనుప పట్టీలు వెల్డింగు చేస్తారు. ఈ పట్టీలు బురదలో పారల వలె పనిచేస్తాయి. పట్టీల మధ్య ఖాళీ ఉండుట వలన మట్టి చక్రానికి పట్టుకొనక జారిపోతుంది. వీటిలో ముఖ్యముగా రెండు రకాలు కలవు.

పూర్తి కేజ్ వీల్: వెనుక టైరును తీసివేసి దాని స్థానములో బిగించేది. లోతైన బురదలో బాగా పనిచేస్తుంది. ట్రాక్టరు బరువు నేరుగా ఇనుప పట్టీలపైనే పడుతుంది.

సగము కేజ్ వీల్: టైరును ఉంచి దాని ప్రక్కన అదనముగా బిగించేది. దీని వ్యాసము టైరు కంటే తక్కువ. గట్టి నేలపై బరువును టైరు మోస్తుంది, ఇనుప పట్టీలు నేలను తాకవు. బురదలో టైరు కొంత దిగిన తరువాత మాత్రమే పట్టీలు పని ప్రారంభిస్తాయి.

పనిచేయు విధానము

ఒక వస్తువు నేలపై కలిగించే పీడనము దాని బరువును అది తాకే వైశాల్యముతో భాగించగా వస్తుంది. బరువు మారకుండా వైశాల్యము పెరిగితే పీడనము తగ్గుతుంది. బురదలో నడిచే మనిషి పాదము దిగబడినా, అదే బురదపై పలక వేసి నిలబడితే దిగకపోవుటకు కారణము ఇదే.

బురదలో టైరుకు రెండు కష్టాలు ఎదురవుతాయి. మొదటిది దిగబడుట. రెండవది, టైరు గాళ్ళలో మట్టి నిండి నున్నగా మారుట వలన పట్టు కోల్పోవుట. ఇంజనుకు ఎంత శక్తి ఉన్నా నేలకు పట్టు లేకపోతే చక్రము ఉన్నచోటనే తిరిగి ఇంకా లోతుకు పోతుంది. కేజ్ వీల్ వెడల్పు వలన బరువు పరచుకుంటుంది. దాని పట్టీలు బురదను చీల్చుకొని అడుగున గల గట్టి పొరను అందుకొని బండిని ముందుకు నెడతాయి. అందుచేత అడుగున గట్టి పొర లేని ఊబి నేలలలో ఈ చక్రాలు కూడా దిగబడతాయి.

మంచుపై ఇదే సూత్రము

మెత్తని నేల సమస్య వరి మడికే పరిమితము కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో బెంజమిన్ హోల్ట్ అనే తయారీదారు మెత్తని పొలాలలో దిగబడుతున్న ఆవిరి ట్రాక్టరుకు చక్రాలు తీసి పట్టాలు బిగించి 1904లో పరీక్షించాడు. కెనడాలో జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే కుమారుడు 1934 శీతాకాలములో జబ్బుపడినప్పుడు మంచు వలన ఆసుపత్రికి చేర్చలేకపోయారు. ఆ బాలుడు మరణించాడు. మంచుపై నడిచే వాహనము కొరకు అప్పటికే ప్రయత్నిస్తున్న బొంబార్డియే పట్టాలను నడిపే తన విధానానికి 1937లో పేటెంటు పొందాడు. 1959లో ఆయన సంస్థ "స్కీ-డూ" అనే చిన్న మంచు బండిని విడుదల చేసింది.

ఇటీవలి కాలములో మట్టి దారులపై నడిచే డర్ట్ బైకులను కూడా ఈ విధముగా మారుస్తున్నారు. ముందు చక్రము స్థానములో ఒక స్కీని, వెనుక చక్రము స్థానములో రబ్బరు పట్టాను బిగిస్తారు. దీనిని మంచు బైకు అంటారు. టైరు నేలను తాకే వైశాల్యము 100 చదరపు సెంటీమీటర్లు అనుకుందాము. ఒక మీటరు పొడవు, 28 సెంటీమీటర్ల వెడల్పు గల పట్టా 2,800 చదరపు సెంటీమీటర్లను తాకుతుంది. అనగా అదే బరువు 28 రెట్లు ఎక్కువ చోటుపై పరచుకుంటుంది. క్రొత్తగా కురిసిన పొడి మంచు సాంద్రత సాధారణముగా ఘనపు మీటరుకు 50 నుండి 100 కిలోలు, అనగా నీటి సాంద్రతలో పదవ వంతు లేదా అంతకంటే తక్కువ. అటువంటి మంచుపై కదులుతున్నంత సేపు బండి తేలుతూ పోతుంది. ఎత్తుపై ఆగితే దిగబడి, తిరిగి కదలడము కష్టమవుతుంది. 2017లో అమెరికాలోని ఆస్పెన్‌లో జరిగిన ఎక్స్ గేమ్స్‌లో ఈ బైకుల పందెము ప్రవేశపెట్టబడింది. కొండవాలులపై వీటిని నడిపేవారికి హిమపాతము, అనగా మంచు చరియ విరిగిపడుట, అన్నింటికంటే పెద్ద ప్రమాదము.

రెండింటికీ ఒక భేదము కలదు. లోతైన మంచులో అడుగు అందదు కనుక పట్టా తేలుటపైనే ఆధారపడుతుంది. వరి మడిలో అడుగు అందుతుంది కనుక కేజ్ వీల్ దానిని తన్నుకొని నడుస్తుంది.

దమ్ము వలన లాభాలు, నష్టాలు

నీరు పెట్టిన మడిని దున్ని మెత్తని బురదగా చేయుటను దమ్ము చేయుట అంటారు. తెలంగాణలో ఇట్లు సిద్ధమైన మడిని కరిగెట అంటారు. దమ్ము వలన కలుపు అణగిపోతుంది, నాటు సులభమవుతుంది, నేల రంధ్రాలు మూసుకొని నీరు ఇంకిపోవుట తగ్గుతుంది. నీటిని త్వరగా పీల్చే చెలక నేలలలో ఈ చివరి ప్రయోజనము ముఖ్యమైనది. పచ్చిరొట్టగా పెంచిన జీలుగ, జనుము మొక్కలను మడిలో తొక్కించుటకు కూడా కేజ్ వీల్స్ ఉపకరిస్తాయి.

దమ్ముకు నీటి ఖర్చు ఎక్కువ. సాధారణముగా 150 నుండి 250 మిల్లీమీటర్ల నీరు కావాలి. 200 మిల్లీమీటర్లుగా లెక్కించినా ఎకరాకు సుమారు 8 లక్షల లీటర్లు అవుతుంది. ఏటేటా దమ్ము చేయుట వలన అడుగు పొర బిగిసిపోయి, వరి తరువాత వేసే వేరుశనగ వంటి పంటల వేళ్ళు లోతుకు పోవు.

నడుపునప్పుడు ప్రమాదాలు

చక్రము తిరగలేని స్థితిలో ఇంజను శక్తి ఎక్కడికి పోతుందో తెలుసుకొనుట ప్రతి డ్రైవరుకు అవసరము. వెనుక చక్రాలు బురదలో బిగుసుకున్నప్పుడు ఒక్కసారిగా క్లచ్ వదిలి ఇంజను వేగము పెంచితే, చక్రము తిరుగుటకు బదులు ట్రాక్టరు శరీరమే వెనుక ఇరుసు చుట్టూ పైకి లేస్తుంది. ముందు చక్రాలు గాలిలోకి లేచి బండి వెనుకకు తిరగబడుతుంది. ఇది ఒకటి రెండు సెకన్లలో జరిగిపోతుంది, దూకుటకు వ్యవధి ఉండదు. బండి క్రింద పడినవానికి గాయము లేకపోయినా బురదలో ఊపిరాడక ప్రాణము పోవచ్చును. ఈ క్రింది జాగ్రత్తలు పాటించాలి.

* దిగబడిన ట్రాక్టరును ముందుకు కాక, మెల్లగా వెనుకకు తీయుటకు ప్రయత్నించాలి.
* చక్రానికి దుంగను గానీ, రాయిని గానీ అడ్డము కట్టి ముందుకు నడపరాదు. చక్రము ఆగి బండి లేచుటకు ఇది ముఖ్య కారణము.
* వేరొక ట్రాక్టరుతో లాగించునప్పుడు తాడును లేదా గొలుసును ఇరుసు కంటే క్రిందనున్న కొక్కేనికే కట్టాలి.
* ఎత్తైన ఒడ్డును ఎక్కించవలసి వస్తే ముందుగా పారతో ఏటవాలు చేసుకోవాలి.
* మడ్‌గార్డుపై పిల్లలను, కూలీలను కూర్చోబెట్టరాదు.

రోడ్లకు నష్టము

మడిలో బరువును పరిచే చక్రమే గట్టి రోడ్డుపై దానిని ఒకే చోట కేంద్రీకరిస్తుంది. రెండు టన్నుల ట్రాక్టరులో ఒక్కొక్క వెనుక చక్రముపై సుమారు 650 కిలోల బరువు ఉందనుకుందాము. రోడ్డుపై ఒక ఇనుప పట్టీ అంచు మాత్రమే ఆనుతుంది. ఆ అంచు 30 సెంటీమీటర్ల పొడవు, ఒక సెంటీమీటరు మందము ఉంటే పీడనము చదరపు సెంటీమీటరుకు 21 కిలోలకు పైగా అవుతుంది. పొలములో వాడే ట్రాక్టరు టైరు పీడనము సుమారు ఒక కిలో మాత్రమే. గ్రామీణ రోడ్లపై తారు కలిపిన పై పొర తరచుగా 20 మిల్లీమీటర్ల మందమే ఉంటుంది. పట్టీలు దానిని వరుసగా గుచ్చుతూ పోతాయి. ఆ గుంటలలో వర్షపు నీరు చేరి అడుగు కంకర కదిలి, త్వరలోనే రోడ్డు గుంతలమయమవుతుంది. ఆ దారిన పోవలసినవి బడి బస్సు, అంబులెన్సు, ఆ రైతు వడ్ల బండి కూడా.

1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారము రోడ్డుపై నడిచే వాహనానికి గాలి నింపిన టైర్లు ఉండాలి. పోలీసు, రోడ్ల శాఖల అధికారులు నాట్ల కాలములో హెచ్చరికలు చేయుట, జరిమానాలు వేయుట పరిపాటి. అయినను ఉల్లంఘనలు ఆగకపోవుటకు కారణము కేవలము నిర్లక్ష్యము కాదు. పూర్తి కేజ్ వీల్ బరువైనది, విప్పి బిగించుటకు మనుషులు, సమయము కావాలి. ట్రాక్టరు కిరాయి గంటల లెక్కన ఉంటుంది. ఒక మడి నుండి మరొక మడికి మధ్య అర కిలోమీటరు రోడ్డు వస్తే, చక్రాలు మార్చే గంటకు ఎవరు డబ్బు ఇవ్వాలనే ప్రశ్న వస్తుంది. ఆ ఖర్చు తప్పించుకొన్నప్పుడు అది రోడ్డు మరమ్మతు రూపములో ఊరందరిపైనా పడుతుంది.

పరిష్కార మార్గాలు

పూర్తి కేజ్ వీల్స్‌ను ట్రాలీలో పొలము వరకు తీసుకొనిపోయి అక్కడే బిగించుట సరైన పద్ధతి. ఒకే ప్రక్కనున్న మడులన్నింటినీ వరుసగా దమ్ము చేయించుకొనేటట్లు రైతులు ముందుగా మాట్లాడుకుంటే చక్రాలు మార్చే పని ఒకసారితో ముగుస్తుంది. మట్టి బాట ఉన్నచోట దానినే వాడాలి. లోతు తక్కువ ఉన్న మడులకు సగము కేజ్ వీల్, రోటవేటరు సరిపోతాయి. అయితే సగము కేజ్ వీల్ వలన బండి వెడల్పు పెరుగుతుంది కనుక రోడ్డుపైకి వచ్చే ముందు దానిని కూడా విప్పుట క్షేమము. డ్రమ్ సీడరుతో విత్తినా దమ్ము తప్పదు. పొడి దుక్కిలో నేరుగా వరి విత్తే పద్ధతిలో మాత్రము దమ్ము అవసరము ఉండదు, కేజ్ వీల్స్‌తో పనిలేదు. ఆ పద్ధతిలో కలుపు ఎక్కువగా వస్తుంది కనుక దాని నివారణపై ముందుగానే శ్రద్ధ పెట్టాలి.

ఇవి కూడా చూడండి

* ట్రాక్టరు
* వరి
* పీడనము
* ప్రియదర్శిని జూరాల ప్రాజెక్టు
* ఆత్మకూర్