రాత్రి ఆశ్రయం నుంచి సొంత గడప దాకా



2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినప్పటి నుంచి మన ఊళ్లో ఇంటి మాట వస్తే అందరికీ గుర్తొచ్చేది కంపెనీ క్వార్టర్సే. ఆ లైన్లలో కూడా చోటు లేక, అంగళ్ల అరుగుల మీద, స్టేషన్ల దగ్గర పడుకునేవారి సంగతి ఎవరికీ పట్టదు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఇల్లు లేనివారు 17.73 లక్షల మంది.

"నిరాశ్రయుల కేంద్రానికి పంపితే ఏమొస్తుంది, రాత్రి నిద్ర తప్ప?" అని కొందరు అడుగుతుంటారు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ నియమాల ప్రకారం, లక్ష జనాభాకు కనీసం వంద మందికి సరిపడే ఆశ్రయం ఉండాలి. అది రాత్రికే కాదు, ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండాలి. పడక, నీళ్లు, మరుగుదొడ్డి ఇవ్వడంతో దాని పని అయిపోదు. ప్రభుత్వ పథకాలు అందేలా చూడటం కూడా దాని బాధ్యతే.

మొదటి మెట్టు కాగితం. చిరునామా లేనివారికి ఆధార్ రాదని చాలామంది అనుకుంటారు. గుర్తింపు పొందిన ఆశ్రయ కేంద్రం అధికారి, ఆధార్ సంస్థ నమూనాలో ఫోటో అంటించి ఇచ్చే ధ్రువపత్రం చెల్లుతుంది. ఓటు విషయంలో అయితే చిరునామా పత్రమే అక్కర్లేదు. బూత్ అధికారి రాత్రిపూట వచ్చి, ఆ మనిషి అక్కడే పడుకుంటున్నాడని ఒకటికి మించిన రాత్రులు చూసి నిర్ధారించుకుంటే చాలు.

రెండో మెట్టు ఆదాయం. ఆధార్ చేతికొస్తే బ్యాంకు ఖాతా తెరవవచ్చు. నాడకచేరిలో ఆదాయ పత్రం తీసుకోవచ్చు. అర్హులైన వృద్ధులు సంధ్యా సురక్ష పింఛనుకు, భర్త పోయినవారు వితంతు పింఛనుకు అర్జీ పెట్టుకోవచ్చు.

మూడోది ఇల్లు. 2024 సెప్టెంబరులో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ రెండో దశలో, ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉండి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేని కుటుంబాలు పేదల వర్గం కింద దరఖాస్తు చేసుకోవచ్చు. సొంత స్థలం ఉంటే కట్టుకోవడానికి సాయం ఇస్తారు. స్థలం లేనివారికి భాగస్వామ్య పద్ధతిలో కట్టే ఫ్లాట్లు ఉన్నాయి. తక్కువ అద్దె ఇళ్ల విభాగంలో నిరాశ్రయులను కూడా చేర్చారు.

అయితే అర్జీ పెట్టిన మర్నాడే తాళంచెవి చేతికి రాదు. మనిషి మళ్లీ వీధిన పడేది ఈ మధ్యకాలంలోనే. పింఛనో కూలో వస్తున్నా, అడ్వాన్స్ కట్టలేక, 'నాకు తెలిసినవాడే' అని చెప్పే దిక్కులేక గది దొరకదు. తరతరాలుగా ఇక్కడ స్థిరపడిన మన ఇళ్లవాళ్లం ఆ ఒక్క మాట సాయం చేయగలం. ఖాళీ గది ఉన్నవారు అడ్వాన్స్ తగ్గించి ఇవ్వగలరు.

ఎవరైనా బయట పడుకుని కనిపిస్తే, ఆశ్రయం గురించి నగరసభ కార్యాలయంలో విచారించండి. వీలైతే వారి వెంట మీరే వెళ్లండి. ఇల్లు ఇప్పిస్తామని డబ్బు అడిగే దళారులకు పైసా ఇవ్వవద్దని వారికి చెప్పండి. కాగితాలు నింపడానికి మేమున్నాము.