గాలపు రాడ్‌కు తగిన పిడి

దుకాణంలో సిద్ధంగా దొరికే గాలపు రాడ్ ఏ ఒక్కరి చేతినీ దృష్టిలో పెట్టుకొని తయారైనది కాదు గనుక, తమ చేతికీ తాము పట్టదలచిన చేపకూ సరిపోయేలా విడిభాగాలు తెప్పించి రాడ్ కట్టించుకొనేవారు కొందరు ఉంటారు. అయితే వారిలో చాలామంది బ్లాంకు గురించి, అంటే రింగులూ పిడీ అమర్చకముందు ఉండే కార్బన్ పీచు లేదా గాజుపీచు బోలుకడ్డీ గురించి, ఎంతో విచారించి, పిడి దగ్గరికి వచ్చేసరికి రంగు చూసి ఒకటి ఎంచుకుంటారు. రోజంతా చేతిలో ఉండేదీ, చేప ఎర ముట్టిన కదలికను వేళ్లకు చేర్చేదీ, పెద్ద చేప లాగినప్పుడు జారకుండా నిలవవలసినదీ పిడే కాబట్టి, ఈ అలవాటును సరైనదని చెప్పలేము.

ఏ పిడి మంచిదన్న ప్రశ్నకు జవాబు నీటిని బట్టీ ఎండను బట్టీ మారుతుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఉన్న శ్రీసత్యసాయి జిల్లా వానలు తక్కువగా పడే నేల. ఇక్కడ గాలం వేసేది ఎక్కువగా చెరువులలోనే. ధర్మవరం చెరువు, బుక్కపట్నం చెరువు వంటి పాతవాటికి తోడు, హంద్రీ–నీవా ఎత్తిపోతల పథకపు నీటిని నింపే పెనుకొండ సమీపంలోని గొల్లపల్లి జలాశయం వంటి కొత్తవీ ఉన్నాయి. చెరువులో గాలం వేయడాన్ని ఒక ప్రత్యేక విద్యగా గుర్తించి మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సలివన్ థామస్ 1887లో ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ అనే పుస్తకమే వెలువరించాడు. ఆనాడు ఈ మూడు ఊళ్లూ మద్రాసు రాజధానిలోనివే. నదిలో పనికివచ్చే పరికరాలన్నీ చెరువుకు అలాగే సరిపోవన్న ఎరుక ఆ పుస్తకం పేరులోనే ఉంది.

చెరువులో గాలం వేసే తీరు ముఖ్యంగా రెండు విధాలు. బొచ్చె, రాగండి వంటి చేపలకు పిండి ఎర వేసి, రాడ్‌ను గట్టు మీద ఆనించి గంటల తరబడి కాచుకొనేది మొదటిది. ఇందులో రాడ్ చేతిలో ఉండే సమయం తక్కువ, రాళ్ల మీదా ఎర్రమట్టిలోనూ పడి ఉండే సమయం ఎక్కువ. తామరాకుల నడుమా జమ్ముగడ్డి అంచుల్లోనూ దాగే కొర్రమీను కోసం రబ్బరు కప్పను మళ్లీ మళ్లీ విసురుతూ గట్టు వెంట నడిచేది రెండవది; ఇందులో రాడ్ చేయి విడవదు. మొదటి పద్ధతికి పిడి మన్నిక ముఖ్యం, రెండవదానికి బరువు, పట్టు, స్పర్శ ముఖ్యం. ఒకే పిడిని రెండింటికీ వాడవచ్చునని చెప్పే అమ్మకందారు మాటను అంతగా నమ్మనక్కరలేదు.

పిడికి వాడే పదార్థాలలో ఎక్కువ కాలంగా ఆదరణ పొందినది బిరడా, అంటే కార్క్. ఇది పోర్చుగల్, స్పెయిన్ దేశాలలో పెరిగే ఒక రకం ఓక్ చెట్టు బెరడు. చెట్టును నరకకుండా, దాదాపు పాతికేళ్ల వయసు వచ్చాక మొదటిసారి వలిచి, ఆ తరువాత సుమారు తొమ్మిదేళ్లకొకసారి వలుస్తారు, మొదటి రెండు వలపుల బెరడు మేలురకం పనులకు పనికిరాదు. 1665లో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శినిలో చూసి కణాలని పేరు పెట్టినది ఈ బెరడులోని గదులనే అని బడిపిల్లలందరూ చదువుకుంటారు. గాలి నిండి మూసుకుపోయిన ఆ గదుల వల్లనే కార్క్ తేలికగా ఉంటుంది, నీటిని లోపలికి పీల్చుకోదు, ఎండలో ఉన్నా అరచేతిని కాల్చదు, తడిచేతికి కూడా జారదు. ఇన్ని గుణాలు ఒక్కచోట కలిగిన మరో పదార్థం ఇంతవరకు రాలేదంటే అతిశయోక్తి కాదు.

అయితే మేలురకం బెరడు అరుదైనది. పిడిని సుమారు అరంగుళం మందం గల బిళ్లలను వరుసగా అతికించి చేస్తారు. బిళ్లలో సహజంగా ఉండే గుంటలు తక్కువైనకొద్దీ ధర పెరుగుతుంది. తక్కువ రకం బిళ్లల గుంటలను కార్క్ పొడి, జిగురు కలిపిన ముద్దతో పూడ్చి నున్నగా చేస్తారు గనుక కొత్తలో తేడా తెలియదు, కొంతకాలం వాడాక పూత ఊడి గుంటలు బయటపడతాయి. అటువంటి పిడికంటే, కార్క్ తునకలను జిగురుతో గట్టిగా అదిమి చేసిన మిశ్రమ కార్క్ కాస్త బరువైనా ఎక్కువ కాలం నిలుస్తుంది; ముఖ్యంగా గట్టుకు తగిలే అడుగు చివర దీనిని వాడటం తెలివైన పని.

రెండవ పదార్థం ఈవీఏ. ఇథిలీన్, వినైల్ ఎసిటేట్ అనే రెండు రసాయనాలను కలిపి చేసే ఈ నురుగు పదార్థం చెప్పుల అడుగుల్లో కనిపించేదే. చవక, మట్టిని పీల్చుకోదు, రాళ్ల తాకిడికి పెచ్చులూడదు. కాచుకొని కూర్చునే రాడ్‌కు ఇది చాలు, ఇంతకుమించి ఖర్చు పెట్టడం అనవసరం. మెత్తని ఈవీఏ చేతికి హాయిగా తోచినా చేప తాకిడిని మింగేస్తుంది కాబట్టి గట్టిరకాన్ని అడిగి తీసుకోవాలి. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ధర్మవరం ఎండలో నల్లని ఈవీఏ చేయి పెట్టలేనంతగా వేడెక్కుతుంది, చేప జిగట అంటితే నున్నని ఈవీఏ జారుతుంది. అందువల్ల బూడిదరంగుదీ, పైన గాట్లు పెట్టినదీ మేలు. చెక్క చూడముచ్చటైనది గాని బరువు, తడిస్తే జారుడు. రీల్ అమర్చే భాగంలో చిన్న ముక్కగా అందానికి సరిపోతుంది. చెమట పట్టే చేతులవారు బ్యాడ్మింటన్ రాకెట్‌కు చుట్టే టేపును పిడిపై చుట్టుకొని, పాడైనప్పుడల్లా మార్చుకోవచ్చు.

పదార్థం కన్నా కొలతల్లో జరిగే తప్పులే చేతిని ఎక్కువగా నొప్పిస్తాయి. పిడిని పట్టుకున్నప్పుడు నడిమివేళ్ల కొసలు బొటనవేలి మొదలుకు దాదాపు తగలాలి. పిడి అంతకంటే సన్నమైతే పిడికిలి బిగుసుకొని ముంజేయి త్వరగా అలుస్తుంది. రెండు చేతులతో దూరం విసిరే పొడవాటి రాడ్‌కు రీల్ నుండి పిడి చివరి వరకు మోచేతి పొడవు ఉండవచ్చు. కొర్రమీను రాడ్‌కు అంత పొడవుంటే ప్రతి విసురుకూ ముంజేతికి అడ్డుపడుతుంది. ఈ రెండవ రకం రాడ్‌లో వెనుక పిడిని రెండు ముక్కలు చేసి నడుమ బ్లాంకును వదిలేసే పద్ధతి బరువు తగ్గిస్తుంది. రీల్ దగ్గర చూపుడువేలు నేరుగా బ్లాంకుకు తగిలే అమరిక ఉంటే, కార్క్ గొప్పదా ఈవీఏ గొప్పదా అన్న వాదం సగం అక్కడే తీరిపోతుంది.

ముందు పిడి ముగిసే అంచును దారంతో చుట్టి మూయడం పాత ఆచారం. నైలాన్ రాకముందు ఆ దారం పట్టుదారమే. గాలానికి ముందు కట్టే సన్నని తీగ కూడా పట్టుపురుగు గ్రంథిని వెనిగర్‌లో నానబెట్టి సాగదీసి చేసినదే. పట్టుగూళ్ల మార్కెట్ ఉన్న హిందూపురానికీ పట్టుచీరల ధర్మవరానికీ సొంతమైన దారంతో ఈ అంచు చుట్టుకోవడానికి ఏ ఆటంకమూ లేదు, పైన వార్నిష్ పూత ఉంటే చాలు.

ఒక హెచ్చరిక తప్పనిసరి. కార్బన్ పీచు విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. పిడి కార్క్‌దైనా ఈవీఏదైనా తడిచేతికి అది రక్షణ కాదు. మోటారు పంపులకు వెళ్లే తీగల కింద ఉన్న గట్ల మీద రాడ్ ఎత్తకూడదు. అలాగే చాలా చెరువులు మత్స్యకార సహకార సంఘాల లీజులో ఉంటాయి కనుక, గాలం వేసేముందు సంఘం అనుమతి తీసుకోవాలి.

ఇక పిడి బిగింపు సంగతి. కార్క్‌ను బ్లాంకుకు ఎపాక్సీ జిగురుతో అతికిస్తారు. రెండు పాళ్లు కలిపిన ఆ జిగురు వేడిలో మరింత త్వరగా గట్టిపడుతుంది కనుక వేసవిలో ఆ పని తెల్లవారుజామున పెట్టుకోవాలి. ఒకసారి గట్టిపడ్డాక పిడిని కోసి తీయవలసిందే. కాబట్టి జిగురు కలపకముందే పిడినీ రీల్‌నూ టేపుతో తాత్కాలికంగా బిగించి, చెరువు దగ్గర ఒక పూట విసిరి చూసి, బరువు రీల్ దగ్గరే సమంగా తూగుతున్నదని తేలిన తరువాతే అతికించుకోవాలి.